తల్లీబిడ్డలు - సూర్యరశ్మి
(ప్రసంగ పాఠము)



సూర్యుని ప్రత్యక్షదైవముగా కొలుచు దేశము మనది. రథసప్తమినాడు పాలు పొంగించి ఆయనకు నివేదించుట మన ఆచారము. అట్టి దేశమున, ఎండకు కొదువలేని పల్లెలలో సైతము, ఎండవలన లభింపవలసిన డి విటమిను చాలక తల్లులును పసిబిడ్డలును బాధపడుచున్నారనిన వినువారికి వింతగా తోచును. కాని అది యథార్థము. 2005వ సంవత్సరమున వెలువడిన లక్నో వైద్యుల పరిశీలనలో 207 మంది గర్భవతులను పరీక్షింపగా నూటికి 84 మందికి ఈ విటమిను తక్కువగా నుండెను. పట్నవాసులకును పల్లెవాసులకును భేదము కానరాలేదు. బొడ్డుత్రాటి రక్తమును పరీక్షింపగా, తల్లికి తక్కువైనచోట బిడ్డకును తక్కువగానే యున్నట్లు తేలెను.

ఈ విటమిను చేయు పని యేమి? ఆహారములోని కాల్షియము, అనగా సున్నపుధాతువు, ప్రేవులనుండి రక్తములో చేరుటకు ఇది తోడ్పడును. ఇది లేనిచో పాలు, చోళ్లు ఎంత పుచ్చుకొన్నను అందలి కాల్షియము చాలవరకు వ్యర్థమగును, ఎముకలు గట్టిపడవు. శాకాహారమున ఇది దాదాపు లేదు. చర్మముపై ఎండ పడినప్పుడు శరీరమే దీనిని తయారుచేసికొనును.

ఈ రహస్యము ఒక్కనాట తెలిసినది కాదు. 1919లో బెర్లిన్ నగరమున హుల్డ్‌షిన్‌స్కీ అను వైద్యుడు రికెట్స్ వ్యాధితో ఎముకలు మెత్తబడిన పిల్లలపై అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసి వ్యాధిని కుదిర్చెను. పిదప కొలదికాలమునకే మన దేశమున నాసిక్‌లో హచిసన్, షా అను వైద్యులు ఒక విశేషమును గమనించిరి. పేదతిండి తినుచు ఆరుబయట తిరుగు బిడ్డలకంటె, కలిగిన యిండ్లలో ఘోషాచాటున పెరుగు బిడ్డలకే ఈ వ్యాధి హెచ్చు. లేమికంటె నీడయే ఎక్కువ కీడు చేసెనన్నమాట.

బిడ్డ పుట్టినప్పుడు వెంట తెచ్చుకొను నిలువ తల్లి యిచ్చినదే. గాదె ఖాళీయైనచో గింజలు కొలుచుట ఎట్లు? తల్లిపాలు శిశువునకు అమృతతుల్యములు, వానిని మాన్పరాదు. కాని వానిలో డి విటమిను స్వల్పము. అందుచే తల్లి కొరత బిడ్డకు రెండు విధముల సంక్రమించును. చలిగాలి సోకునని కిటికీలు మూసి తల్లీబిడ్డలను చీకటి పురిటిగదిలో నుంచుట పెద్దల ప్రేమచేతనే జరుగును. కాని ఆ ప్రేమ వెలుగును గూడ బయటనే నిలిపివేయుచున్నది.

కొరత హెచ్చినచో చంటిబిడ్డకు మూర్ఛలు రావచ్చును. దానిని బాలగ్రహమని తలంచి తాయెత్తు కట్టించి కాలయాపన చేయుట ప్రాణాపాయకరము. వెంటనే వైద్యుని చెంతకు గొనిపోవలెను. నడినెత్తి మాడు ఆలస్యముగా పూడుట, మణికట్లు వెడల్పగుట, నడక వచ్చిన పిమ్మట దొడ్డికాళ్లు ఏర్పడుట తరువాతి లక్షణములు. తల్లికి నడుమునొప్పి, తొడలయందు నీరసము కలుగును. బాలింతకివి సహజమేయని సరిపెట్టుకొనరాదు.

ఇక నివారణోపాయము. లేత ఎండ హాయినిచ్చును గాని డి విటమినును అంతగా ఈయదు. తిరుపతి వైద్యుల పరిశోధన ననుసరించి ఉదయము 11 గంటలు మొదలు 2 గంటల వరకు గల ఎండయే ఇందుకు ఫలవంతము. గర్భవతి ఆ వేళ ముఖమునకు, చేతులకు కొంతసేపు ఎండ తగులనిచ్చుట మంచిది, సొమ్మసిల్లునంతవరకు నిలువరాదు. పసికందును మాత్రము ఆ తీవ్రమైన ఎండలో ఉంచరాదు. అందుకే పుట్టిన కొద్దిదినములనుండి ఏడాది నిండువరకు దినమునకు 400 యూనిట్ల డి విటమిను చుక్కలు వేయవలెనని భారతదేశపు శిశువైద్యులు నిర్ణయించిరి. సీసాసీసాకు మందు గాఢత వేరు. కావున కొలత వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మోతాదు మించినచో మూత్రపిండములకు హాని. తల్లి పాలు, మజ్జిగ, చోళ్లు, నువ్వులు విరివిగా తినవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమున అక్షరకాంతిని ప్రసరింపజేయుచున్నది. ఇచ్చట చదివినది ఇంటింట ఆచరణకు వచ్చిననాడే ఆ కాంతి సార్థకము. ప్రతి గృహమునందును పురిటిగది కిటికీ తెరువబడుగాక! తొలి నెలలోనే గర్భవతి వైద్యుని సలహా పొందుగాక! తల్లి బలమే బిడ్డకు తొలి ఆస్తి.