బరువెత్తుటకు ముందొక మాట

(హోసూరునందు జరిగిన సంఘ సమావేశమున వర్తక సోదరులను, వారి అంగళ్ళలో పనిచేయు యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

సోదర వర్తకులారా, యువకులారా,

మన పెద్దలు ఈ ప్రాంతమున రాగి బస్తాలను, చింతపండు మూటలను బండ్లకెత్తి సంతలకు తోలి బ్రతికినవారు. నేడు మనలో కొందరము హోసూరు సిప్‌కాట్ కర్మాగారములకును, కృష్ణగిరి కార్యాలయములకును నెట్‌వర్క్ ర్యాకులను, స్విచ్చిలను, యూపీఎస్ బ్యాటరీలను చేరవేయుచున్నాము. సరకు మారినది, మోయు నడుము మారలేదు.

మా అంగడిలో జరిగినదానిని దాచక చెప్పెదము. ఒకనాడు లారీనుండి ర్యాకును దింపుటకు నలుగురు చేతులు వేసిరి. ఇద్దరు తెలుగువారు, ఒకరు తమిళుడు, ఒకరు ఒడిశానుండి వచ్చినవాడు. ఒకడు "ఒకటి, రెండు, మూడు" అనెను. మూడు అనగానే ఇద్దరెత్తిరి. మూడు ముగిసిన పిదప ఎత్తవలెనని తక్కిన ఇద్దరు ఆగిరి. ర్యాకు ఒరిగినది. పందొమ్మిదేండ్ల పిల్లవాడు నడుము దెబ్బతిని రెండు నెలలు ఇంట మంచము పట్టెను. సరకునకు బీమా చేయించియుంటిమి. ఆ పిల్లవానికి చేయించలేదు. ఆ సిగ్గు మమ్ము నేటికిని విడువలేదు.

హాని కలిగించునంతటి బరువును పనివానిచే ఎత్తింపరాదని 1948 నాటి కర్మాగారముల చట్టముననే వ్రాసిరి. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించియున్నచో తగ్గింపవలెనని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసెను. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన లెక్కలో, అన్ని వసతులు అనుకూలముగా నున్నను 23 కిలోలే ప్రమాణము. పెద్ద యూపీఎస్ బ్యాటరీ ఒక్కటే 50 కిలోలు దాటవచ్చును. కావున "నేనొక్కడనే ఎత్తెదను" అనువానిని మెచ్చుకొనకుడు, ఆపుడు.

మొదట పెట్టెపై వ్రాసిన బరువు చదువుడు. పోవలసిన దారిని, మెట్లను, గుమ్మపు వెడల్పును ముందే చూచి రండు. తీగెలన్నియు ఊడదీసి, విడదీయదగిన భాగములను తీసి బరువు తగ్గింపుడు. ఆ భాగముల పిడులను పట్టి యంత్రమునంతటిని ఎత్తరాదు, అవి ఊడివచ్చును. మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టి లేవుడు. నడుము మెలిత్రిప్పక పాదములతో తిరుగుడు. ర్యాకులో బరువైన యంత్రమును అడుగునను, తేలికదానిని పైనను అమర్పుడు. లేనిచో తలబరువై పడును.

అన్నిటికంటె ముఖ్యము, ఆజ్ఞ ఒక్కరిదే కావలెను. చంద్రచూడేశ్వరస్వామి తేరు లాగుట మనమందరము ఎరిగినదే. ఎన్ని చేతులున్నను ఒక్క కేకకే కదలవలెను, ఒక్క కేకకే ఆగవలెను. మన "ఎత్తు" కన్నడమువారికిని తెలియును. తమిళులు "తూక్కు" అందురు, హిందీవారు "ఉఠావ్" అందురు. ఏ మాటకు ఎత్తవలెనో, ఏ మాటకు దింపవలెనో చేయి వేయకముందే నిర్ణయించుకొనుడు. మన భాషపై మనకు అభిమానము మెండు. అయినను బరువు చేతిలోనున్నపుడు నలుగురికి తెలిసిన మాటయే మన మాట.

ప్రతి అంగడియు ఒక చక్రముల తోపుడుబండిని కొనవలెననియు, సరకుతోపాటు పనివారికిని బీమా చేయింపవలెననియు ప్రార్థించుచున్నాము. ఈ రెండును మేము చేసితిమి, కాని ఆలస్యముగా చేసితిమి. మీరు ఆలస్యము చేయవలదు.