నలభై మూడు కాగితాలు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులారా, ఆ నల్ల గౌన్లలో ఎంత ఉక్కపోస్తుందో నాకు తెలుసు. ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మన చదువు చదివినవాళ్లకి పెళ్లిళ్లలో ఒక ప్రశ్న తప్పదు. "పుస్తకాలు సర్దడానికి పీజీ ఎందుకమ్మా, పైగా పీహెచ్‌డీనా?" అని. నన్నూ అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను, ఇప్పుడైతే జవాబు చెబుతాను. మన దేశంలో ఈ శాస్త్రంలో మొదటి డాక్టరేట్ 1957లో ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇచ్చింది. అందుకున్నది డి.బి. కృష్ణారావు, గురువు, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న రంగనాథన్. విషయం వ్యవసాయ శాస్త్ర వర్గీకరణ. వినడానికి చిన్న పనే. ఒక రైతు వచ్చి వరిలో దోమపోటు నివారణ మీద పుస్తకం అడిగాడనుకోండి. అది వరి అరలో ఉండాలా, పురుగుల అరలోనా, మందుల అరలోనా? ఉన్నది ఒక్క ప్రతి, పెట్టగలిగేది ఒక్క చోటే. పంట ముందా, తెగులు ముందా, మందు ముందా, ఆ వరసే ఎందుకు, రేపు ఇంకో పురుగు వస్తే ఆ వరస నిలుస్తుందా? ఇవి తేలక పుస్తకం తప్పు అరలోకి వెళ్లిందంటే లైబ్రరీలో ఉన్నా లేనట్టే. ఆ రైతు మాత్రం బస్సెక్కి వెళ్లిపోతాడు.

నిబంధనల సంగతికొస్తాను. మీలో కొందరు పీహెచ్‌డీకి వెళతారు కదా. 2016 నాటి యూజీసీ నిబంధనల్లో సిద్ధాంత గ్రంథం ఇచ్చేముందు రిఫరీడ్ జర్నల్లో కనీసం ఒక వ్యాసం అచ్చవ్వాలి, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలి అని ఉండేది. 2022 నవంబరులో వచ్చిన నిబంధనలు ఆ షరతు తీసేశాయి, ఎంఫిల్‌కీ మంగళం పాడాయి. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసి ఇచ్చే పత్రికలు ఆ షరతు మీదే బతికాయి కాబట్టి పోవడమే మంచిదంటాను. ఒక్కటే బాధ. ముక్కూ మొహం తెలియని సమీక్షకుడి చేత చీవాట్లు తినే అదృష్టం మీరు కోరుకుంటే తప్ప రాదు. కోరుకోండి, నా మాట విని.

ఇంకో నిబంధన ఉంది. ఇతర శాఖల పిల్లలకి అది గండం, మీకు అదే ఉద్యోగం. కాపీ కొట్టడం మీద యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనలవి. పోలిక పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై దాటితే ఏడాది పాటు తిరిగి ఇచ్చే వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా పద్నాలుగు మాటల దాకా కాకతాళీయంగా కలిస్తే లెక్కలోకి రావు. ఆ శాతాలు తీసే సాఫ్ట్‌వేర్ లాగిన్ చాలాచోట్ల లైబ్రేరియన్ చేతిలోనే ఉంటుంది. రేపు మీ కౌంటర్ ముందు పెన్‌డ్రైవ్ పట్టుకుని నిలబడి, "సార్, కొంచెం తగ్గేట్టు చూడండి" అంటారు, కరెంటు బిల్లు గురించి అడిగినట్టు.

తగ్గించడం మాట అటుంచండి. లైబ్రేరియన్‌గా ఉన్నప్పుడు ఒకసారి నాకు సున్నా వచ్చింది. తెలుగు శాఖ నుంచి వచ్చిన సిద్ధాంత గ్రంథం, దాదాపు నాలుగు వందల పేజీలు. పోలిక సున్నా శాతం. పద్యాలకు పద్యాలు ఉదాహరించిన గ్రంథంలో ఒక్క ముక్కయినా ఎక్కడా కలవకపోవడమేమిటి? ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేశాను. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, మధ్యమధ్య నక్షత్రాలు. అను ఫాంట్లలో టైపు చేయించిన గ్రంథమది. తెర మీద కనపడేది నిక్షేపంలాంటి తెలుగే గానీ, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల అంకెలే ఉంటాయి. యూనికోడ్‌లో 'అ'కి దానికంటూ ఒక సంఖ్య ఉంది, ఇందులో లేదు. యంత్రానికి అది ఏ భాషా కాదు, అందుకని దేనితోనూ పోలలేదు. రిపోర్టు మీద సంతకం పెట్టేస్తే అడిగేవాళ్లెవరూ లేరు. నేనూ, శాఖలోని ఒక మేడమూ పేజీలు పంచుకుని నాలుగు రోజులు కూర్చుని చదివాం. పిల్లవాడు నిజాయితీగానే రాశాడు. చాలా బాగా రాశాడు కూడా.

ఇలాంటి గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే సిద్ధాంత గ్రంథాల డిజిటల్ భాండాగారం శోధగంగలోకి చేరినా, లోపలి పాఠంలో నన్నయ అని వెతికితే దొరకవు. అటక మీద పెట్టిన పెట్టెలో పత్రాల్లాంటివి, ఉన్నాయని ఇంట్లోవాళ్లకే తెలుసు. వీటిని యూనికోడ్‌లోకి మార్చడం, మారుస్తుంటే వత్తులూ పొల్లులూ ఎక్కడ చెడతాయో పట్టుకోవడం మీలో ఒకరికి పరిశోధనాంశం కాకూడదా? పరిశోధనకి ఇంకో అంశం, మన పేర్ల సంగతే చూడండి. ఇంటిపేరు మనం ముందు రాస్తాం. ఇంగ్లీషు పద్ధతికి అలవాటుపడిన కేటలాగు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అందుకని విశ్వనాథ సత్యనారాయణ ఒకచోట 'వి' కింద, ఇంకోచోట 'స' కింద తేలతారు. శ్రీశ్రీకి ఒక కార్డు, శ్రీరంగం శ్రీనివాసరావుకి వేరే కార్డు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు ఉన్నాయి. వెళ్లి కూర్చుంటే ఒక్కో బైండు ఒక్కో సిద్ధాంత గ్రంథం.

ఇవన్నీ వదిలేసి మనం ఎంచుకునేది మాత్రం "ఫలానా కళాశాల గ్రంథాలయ వినియోగదారుల సంతృప్తి, ఒక అధ్యయనం". వెక్కిరించే అర్హత నాకు లేదు. నలభై ఏళ్ల కిందట ఇక్కడే నా డిసర్టేషన్‌కి నేను చేసిందీ అదే. ప్రశ్నావళి నూట యాభై ప్రతులు సైక్లోస్టైల్ చేయించి పంచాను. నూట ఏడు తిరిగొచ్చాయి. టైపిస్టు దగ్గర గడువు రెండు రోజులే ఉంది. రూమ్మేట్ నీలం ఇంకు పెన్నొకటి, నల్లదొకటి తెచ్చిచ్చాడు. హాస్టల్ గదిలో తలుపు వేసుకుని మిగతా నలభై మూడూ నేనే నింపాను. అందరూ సంతృప్తిగా ఉంటే అనుమానం వస్తుందని నలుగురి చేత ఫ్యాన్ల గురించి ఫిర్యాదు కూడా చేయించాను. మార్కులు బాగా వచ్చాయి. వైవాలో ఒక్కరూ అడగలేదు. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా సున్నా శాతమే చూపిస్తుంది. ఆ అబద్ధం ఎక్కడినుంచీ ఎత్తి రాసింది కాదు మరి.

ఆ డిసర్టేషన్ ఇప్పటికీ మీ శాఖ బీరువాలోనే ఉంది, కింది అరలో, ఎర్ర కాలికో బైండు. ఈ ప్రసంగానికి పిలుపు వచ్చాక కిందటి నెల ఒకరోజు ముందుగా చెప్పకుండా వచ్చి బీరువా తీయించుకున్నాను. లైబ్రరీ పుస్తకాల్లో రాయొద్దని సర్వీసంతా పిల్లల్ని కసిరినవాణ్ణి, పెన్సిల్ తీసి ఏడో పట్టిక పక్కన 150 కొట్టేసి 107 అని రాశాను, కింద సంతకం, తేదీ. శాతాలు మళ్లీ కట్టే ఓపిక లేకపోయింది. బీరువా తాళంచెవి ఆఫీసులో గుమస్తా గారి దగ్గర ఉంటుంది, మధ్యాహ్నం రెండు దాటాక అడిగితే ఇస్తారు.