విదేశాల్లో చదివే పిల్లలకి ఏ బీమా తీసుకోవాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బీమా గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అడిగితే, పండగ పూట ఆ గోల ఎవరు వింటారండీ అన్నాను. "ప్రతి బ్యాచ్‌లోనూ పిల్లల్ని బయటి దేశాలకి పంపుతున్నవాళ్లు ఉన్నారు, వింటారు" అన్నారు. నేను సాధారణ బీమా సంస్థలో ముప్పై ఏళ్లు క్లెయిముల విభాగంలో పనిచేశాను. పాలసీ అమ్మేవాళ్లు చెప్పే మాటలు వేరు, క్లెయిము పరిశీలించేవాళ్లు చెప్పే మాటలు వేరు. నావి రెండో రకం.

కొన్ని దేశాల్లో మనం ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. బ్రిటన్‌కి వెళ్లే విద్యార్థి దగ్గర వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కట్టించుకుంటారు, అక్కడి ప్రభుత్వ వైద్యం అందుతుంది. ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసాకి ఓఎస్‌హెచ్‌సీ అనే బీమా ఉండాలి. జర్మనీలో 30 ఏళ్ల లోపు విద్యార్థులకి ప్రభుత్వ పద్ధతి ఆరోగ్య బీమా తక్కువ రేటుకి దొరుకుతుంది. చవగ్గా ఉందని మొదట్లోనే దాన్ని వద్దని రాసిచ్చి ప్రైవేటు బీమాకి వెళితే, మామూలుగా ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రానివ్వరు. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

చిక్కంతా అమెరికాతోనే. జె-1 వీసా వాళ్లకి ఒక్కో జబ్బుకీ ప్రమాదానికీ కనీసం 1,00,000 డాలర్ల బీమా ఉండాలని అక్కడి కేంద్ర ప్రభుత్వ నిబంధన. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే ఎఫ్-1 వీసాకి అలాంటి నిబంధన లేదు, యూనివర్సిటీలకి వదిలేశారు. చాలా యూనివర్సిటీలు ఫీజు బిల్లులోనే తమ బీమాని కలిపేస్తాయి. ఏడాదికి రెండు, మూడు వేల డాలర్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. అంతకి సమానమైన బీమా వేరేచోట ఉందని చూపిస్తే తీసేస్తాయి. దాన్ని వేవర్ అంటారు.

పిల్లాడు ఇంకా విమానం ఎక్కకముందే వాట్సాప్ గ్రూపులో సీనియర్లు చెప్పేస్తారు: "వేవర్ పెట్టెయ్, చవకది కొనుక్కో" అని. అప్పు చేసి పంపిన తండ్రికి కూడా ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. వాళ్లని తప్పుపట్టను. కానీ వేవర్‌కి ఆమోదం వచ్చిందంటే ఆ కాగితం యూనివర్సిటీకి సరిపోయిందనే అర్థం. ఆస్పత్రికి సరిపోతుందో లేదో మనమే చూసుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే ఆపండి సార్. ఆస్పత్రి బిల్లు 40,000 డాలర్లు. పాలసీలో డిడక్టబుల్ 500, అంటే మొదటి 500 మనది. మిగిలిన 39,500లో 20 శాతం మన వాటా అని రాసుంది, అది 7,900. మొత్తం 8,400 మన జేబులోంచి. అదే పాలసీలో "ఏడాదికి మీరు పెట్టుకోవలసింది గరిష్ఠంగా 5,000" అని ఉంటే, అక్కడితో ఆగుతుంది. ఇప్పుడు బిల్లు 1,20,000 అయిందనుకోండి, పాలసీ మొత్తం 50,000. మిగతా 70,000 ఎవరు కట్టాలి? అమెరికాలో ఎమర్జెన్సీకి వెళితే డబ్బు లేదని వెనక్కి పంపరు, చట్టం ఒప్పుకోదు. బిల్లు మాత్రం తర్వాత ఇంటికి వస్తుంది.

ఇంకో రకం పాలసీలు ఉన్నాయి. గదికి రోజుకి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని పట్టిక వేసి ఉంటుంది. అసలు ఖర్చు ఎంతయినా ఇచ్చేది ఆ పట్టికలో ఉన్నంతే. అవే అన్నిటికంటే చవక. నా పిల్లలకైతే కొనను.

నా బల్ల దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. అబ్బాయికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. ప్రపోజల్ ఫారంలో "పాత జబ్బులు" అన్నచోట "లేవు" అని ఉంది. ఏజెంటు తానే నింపి, సంతకం ఒక్కటీ పెట్టించుకున్నాడట. అక్కడ చలికాలంలో ఆయాసం వచ్చి ఆస్పత్రిలో చేరాడు, పాత చరిత్ర అంతా డాక్టరుకి చెప్పాడు. చెప్పకపోతే ఎలా? ఆ కేస్‌షీటే మా దగ్గరికి వచ్చింది. క్లెయిము తిరస్కరించారు. ఆ ఉత్తరం మీద సంతకం నాది. నిబంధన ప్రకారం మరో దారి లేదు. తండ్రి ఏమీ అనలేదు. కాగితాలు మడతపెట్టుకుని, "సార్, పొలం కాగితాలు ముందే బ్యాంకులో ఉన్నాయి" అని మాత్రం అన్నాడు.

అందుకని ఉబ్బసం, థైరాయిడ్, ఫిట్స్ ఏది ఉన్నా ఫారంలో రాయండి. మన దగ్గర కొనే ట్రావెల్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకి ఇవ్వవు, ఇచ్చినా ప్రాణం మీదికి వస్తేనే. యూనివర్సిటీ బీమాల్లో ఎక్కువవాటికి ఆ మినహాయింపు ఉండదు. అలాంటి పిల్లలకి రెండు వేల డాలర్లు ఎక్కువైనా యూనివర్సిటీదే ఉంచండి. మనసు బాగోలేనప్పుడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే ఖర్చు కూడా ఎక్కువగా వాటిలోనే కలుస్తుంది. ఒంటరితనం చిన్న జబ్బేం కాదు.

అలాగని మన ట్రావెల్ పాలసీ దండగ అనను. ప్రయాణానికి, యూనివర్సిటీ బీమా మొదలయ్యేలోపు రోజులకి అది కావాలి. సామాను పోతే, పాస్‌పోర్టు పోతే పనికొస్తుంది. చదువు చెప్పించేవాళ్లు పోతే మిగిలిన ఫీజు కట్టే షరతు కొన్నిటిలో ఉంటుంది. అయితే చాలావాటిలో ప్రమాదంలో పోతేనే, గుండెపోటుకి కాదు. ఆ వాక్యం చదివి కొనండి. మరణిస్తే దేహాన్ని స్వదేశానికి చేర్చే ఖర్చు ఎంతవరకు ఇస్తారో కూడా చూడండి. పండగ పూట ఈ మాట అనకూడదని తెలుసు. కానీ అక్కడి తెలుగువాళ్లు చందాలు పోగేసి పిల్లల్ని ఇంటికి పంపిస్తున్న వార్తలు మీరూ చదువుతున్నారు.

చదువు అయిపోయి ఉద్యోగం దొరికేలోపు నెలల్లో యూనివర్సిటీ బీమా ఆగిపోతుంది. ఆ సంగతి పిల్లలు మర్చిపోతారు, మీరు ఫోన్ చేసి అడగండి.

మాస్టార్లకో విన్నపం. సర్టిఫికెట్ల కోసం పాత విద్యార్థులు మీ దగ్గరికి వస్తారు కదా, "బీమా ఏది తీసుకున్నావురా?" అని ఒక్క మాట అడగండి. మేం చెబితే వినరు, మీరు అడిగితే ఇంటికెళ్లి చూసుకుంటారు.

భోజనాలయ్యాక లైబ్రరీ వరండాలో కూర్చుంటాను. పాలసీ ఫోన్‌లో ఉన్నవాళ్లు తీసుకురండి, మినహాయింపుల పేజీ కలిసి చదువుదాం. అక్షరాలు చిన్నవి, కళ్లజోడు తెచ్చుకున్నాను.