దాది పళ్లెంలో ఏముంది?
(సేవాలాల్ జయంతి సభలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)

 

పోయిన నెల దేవరకొండ దిక్కు మా తాండాకు పోయిన. మా చిన్నదాది ఒక్కతే ఉంది. కొడుకు, కోడలు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయిన్రు, పిల్లలు హాస్టల్‌లో ఉన్నరు. పళ్లెంలో చూస్తే తెల్లగా సన్నబియ్యం అన్నం, పక్కన ఇంత మామిడి తొక్కు. పప్పు వండుకోలేదా అంటే, "నా ఒక్కదానికి మళ్లీ పొయ్యి ఎందుకు ముట్టియ్యాలె బేటా" అన్నది.

నేను మాట్లాడదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. మన తాండాల్లో ముసలివాళ్లు బియ్యం లేక పస్తులుండటం లేదు. రేషన్‌లో మనిషికి 6 కిలోలు వస్తున్నాయి, 2025 ఏప్రిల్ నుంచి అవి సన్నబియ్యమే. ఆసరా పింఛను 2,016 రూపాయలు వస్తున్నది (అందులో మన ఫోన్ రీఛార్జికి ఎంత పోతుందో మీకే తెలుసు). కానీ వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములే. 45 కిలోల బరువున్న దాదికి రోజుకు సుమారు 37 గ్రాములు కావాలి. వయసు మీద పడ్డాక తినేదే పిడికెడు. అన్నం, తొక్కుతోనే రోజులు గడిస్తే కండ కరుగుతుంది, కాళ్లలో సత్తువ పోతుంది. ఒకసారి కింద పడితే ఇక మంచమే. తన పని తాను చేసుకుంటూ, తీజ్ నాడు పిల్లల నడుమ నిలబడగలగడమే ఆమెకు బతుకు. అది పోతుంది.

"మళ్లీ జొన్నరొట్టె తిందాం" అని ఇప్పుడు అందరం అంటున్నం. మంచిదే, కానీ నల్గొండలో ఆ మాటకు ఒక కథ ఉంది. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి మన జిల్లాలో మోకాళ్లు లోపలికి వంకరపోయిన పిల్లల గురించి 'లాన్సెట్' పత్రికలో రాశారు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ దానికి మూలం. తర్వాతి పరీక్షల్లో బియ్యం తిన్నప్పటికంటే జొన్నలు తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని తేలింది. అంటే జొన్న చెడ్డదని కాదు, ఆ నీళ్లతో కలిసి అట్లయింది. ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గనుక రొట్టెకు భయం లేదు. కానీ కుళాయి నీళ్లు తాగి, వంటకు బోరునీళ్లు పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది.

నీళ్లు మారినా, ఆ రోజుల్లో బిగిసిన నడుములు మళ్లీ వంగవు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు పోయి చూడండి. పొయ్యి ముందు కూర్చుని లేవడమే కష్టమైనప్పుడు రెండో కూర ఎవరు వండుతరు?

పళ్లు లేనివాళ్లకు రొట్టె పెట్టి నమలమనొద్దు. జొన్న గట్కలో మజ్జిగ పోయండి. అన్నంలో మెత్తగా ఉడికిన పప్పు, మునగాకు, పల్లిపొడి కలపండి. రోజూ ఒక గుడ్డు. పండుగనాడు మేకను కోస్తే గట్టి ముక్కలు వాళ్ల పళ్లెంలో వేసి మర్యాద చేసినమనుకుంటం, నమలలేక పక్కన పెడతరు. కాలేయం, పులుసు వాళ్లకు పెట్టండి. పక్కపక్క ఇళ్లలో ఒంటరిగా ఉన్న ముగ్గురు నలుగురికి ఒక్క పొయ్యి మీద వండే ఏర్పాటు తాండాలో ఉన్న యువకులు చేయగలరు. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు వండబుద్ధి కాదు గానీ, నలుగురు కూర్చుంటే పప్పు దానంతటదే వస్తుంది.

పట్నంలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఫోన్‌లో "తిన్నవా?" అని అడగకండి. "తిన్న" అనే అంటరు, పస్తున్నా అదే అంటరు. "ఏం కూర?" అని అడగండి.

నేను మొన్న దాదిని అట్లనే అడిగిన. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డు ఉడకబెట్టిన" అన్నది. నిజమో కాదో, ఈ ఆదివారం పోయి చూస్త.