ఇల్లు కనిపెట్టువాడును, తాబేళ్లును



మనువు వ్యవహారపదములు పదునెనిమిదింటిని చెప్పుచు, ఋణాదానము తరువాత రెండవదిగా నిక్షేపమును పేర్కొనెను. ఒకడు నమ్మి మరియొకనియొద్ద దాచిన సొత్తు నిక్షేపము. పుచ్చుకొన్నది పుచ్చుకొన్నట్లు మరల అప్పగింపవలెననుట అందలి ధర్మము. బంగారమైనచో మూటకట్టి, పెట్టెలో పెట్టి, తాళము వేసిన చాలును. దాచుమని యిచ్చినది ప్రాణము గలదైనచో తాళముతో పని తీరదు. ఆవైనచో ఆకలివేళ అంబాయని అరచును, కుక్క మొరుగును, చిలుక పంజరమును కొరుకును. తాబేలు అరవదు. పస్తున్నను ఊరకుండును, రోగమువచ్చినను ఊరకుండును. అంతకంటె పెద్దచిక్కు మరియొకటి గలదు. నేడు జరిగిన లోపము దానియందు నేడు కనబడదు. రెండు నెలలు గడచి, మనము తాళపుచెవులు తిరిగి యిచ్చి, మర్యాదలు పొంది వచ్చిన పిమ్మట దాని కన్నులు వాచును, డిప్ప మెత్తబడును. అప్పుడు నేరము ఎవరిదని అడుగువారుండరు.

ఈ ప్రసంగము మీకు వింతగా తోచవచ్చును. తాబేళ్లను కనిపెట్టు పని మన పల్లెలకేల వచ్చునని అడుగవచ్చును. మా సిరికొండ, దాని చుట్టుప్రక్కల భీమగల్లు, ధర్పల్లి ప్రాంతములనుండి ఎందరో గల్ఫు దేశములకు బ్రతుకుదెరువునకు పోయియున్నారు. సెలవులలో భార్యాబిడ్డలు అచ్చటికి పోవుటయు, ఇల్లు తాళము వేయుటయు, ఆ తాళపుచెవి మావంటి వృద్ధుల చేతిలో పెట్టుటయు నేడు వాడుకయైనది. పూర్వము ఇట్లు పోవువారు బఱ్ఱెను, తులసికోటను అప్పగించి పోవుచుండిరి. ఇప్పుడు అద్దాల తొట్టిని, అందలి తాబేళ్లను గూడ అప్పగించుచున్నారు.

మా వీధిలోని యొక కుటుంబమువారు డిసెంబరు నడుమ బయలుదేరి జనవరి చివరకు తిరిగివచ్చిరి. ఆ నలువది దినములు వారి యింటి రెండు తాబేళ్లు నా పాలబడెను. ఇంటి బాలుడు వానిని రూపాయి బిళ్లంతవిగా హైదరాబాదులో కొని తెచ్చెనట. నాటికవి అరచేయి నిండునట్లు పెరిగియుండెను. వాడు నాకొక కాగితము వ్రాసియిచ్చెను. "తాతా, రోజూ గుప్పెడు మేత వేయుము, నీళ్లు మార్చుము" అని అందులో నుండెను. గుప్పెడు ఎవరి గుప్పెడో అందులో లేదు.

అమరసింహుడు కూర్మ కమఠ కచ్ఛపములను ఒక్కచోటనే చదివెను. నిఘంటువునకు అది చాలును, పెంపకమునకు చాలదు. మెట్ట తాబేలు వేఱు, నీటి తాబేలు వేఱు. మొదటిదానిని లోతునీటిలో వేసిన మునిగి చచ్చును. రెండవదానిని నేలపై ఎండబెట్టిన ఎండిపోవును. కాబట్టి తాళపుచెవి పుచ్చుకొనుటకు ముందే దాని కాళ్లు చూడవలెను. ఏనుగు కాళ్లవలె స్తంభాకారముగా నున్న మెట్టది. వ్రేళ్లనడుమ తోలు గలిగిన నీటిది. నాకు అప్పగించినవి నీటివి. కంటివెనుక ఎఱ్ఱని చార గలవి. వీని పుట్టినిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతము. అక్కడినుండి వ్యాపారము వెంట లోకమంతట వ్యాపించి, నగరములలోని చేపల దుకాణములకు వచ్చినవి.

మొదటి పదిదినములు సుఖముగా గడచెను. పిమ్మట చలి ముదిరెను. మన జిల్లాలో పుష్యమాసపు రాత్రులు ఎట్లుండునో మీరెరుగుదురు. రెండును మేత మానెను. తొట్టి అడుగున రాళ్లవలె పడియుండెను. మా పొరుగున నున్న పెద్దమనిషి వచ్చి చూచి, "ఎందుకు సారూ ఈ గోస? చెరువుల ఇడిసిపెట్టరాదు, పుణ్యమొస్తది" అనెను. ఆయన మనసు మంచిది. జీవిని చెర విడిపించుట పుణ్యమని మనకు చిన్ననాటనుండి తెలిసిన మాట. చేపలవానియొద్ద కొని విడిచిపెట్టువారిని చూచితిమి. పైగా, చచ్చిన తాబేలును అప్పగించుటకంటె చెరువులో బ్రతుకుచున్నదని చెప్పుట సులభము గదా!

నేను ఒప్పుకొనలేదు. సొత్తు నాది కాకపోవుట ఒక కారణము. చెరువు మేలు రెండవది. ఈ ఎఱ్ఱచార తాబేలు లోకములో మిక్కిలి చెఱుపుచేయు నూరు పరదేశజీవుల పట్టికలో చేర్చబడినది. ఐరోపా సమాజము 1997లో దీని దిగుమతిని నిషేధించినది. ఇది ఏది దొరికిన దానిని తినును. ఎండకు కూర్చుండు రాతిమీదనుండి దేశవాళీ తాబేళ్లను త్రోసివేయును; తన రోగములను వానికి అంటించును. మన కుంటలలోను, వరిమళ్లలోను తిరుగు మెత్తడిప్ప తాబేలు, కాళ్లను ముడుచుకొని తోలుతలుపులు మూసుకొనునట్టిది, మీరందరు చూచినదే. కుళ్లినదానిని, పురుగును, నత్తను తిని నీటిని బాగుచేయు జీవి యది. దాని యింటిలోనికి పరదేశిని తోలి, దానిని పుణ్యమని యెట్లు వ్రాసికొందును?

నిజామాబాదులోని పశువైద్యునకు ఫోను చేసితిని. ఆయన మొదట అడిగినది మేతనుగూర్చి కాదు; నీటి వేడిమినిగూర్చి. పాములు, తొండలు, తాబేళ్లు తమ దేహమున తామే వేడిమి పుట్టించుకొనలేవు. చుట్టునున్న నీటి వేడిమియే వాని వేడిమి. నీరు 20 డిగ్రీలకు దిగినప్పుడు జఠరాగ్ని మందగించును. ఆ స్థితిలో బలవంతముగా మేతపెట్టిన అది కడుపులోనే కుళ్లును. 25 డిగ్రీల ప్రాంతమున నీరుండవలెను; ఎక్కి కూర్చుండుటకు పొడిరాయి యొకటి, దానిపై 30 డిగ్రీలకు కొంచెము మించిన వెచ్చదనము ఉండవలెను. బాలుడు వాడక మూలబెట్టిన వేడిచేయు కడ్డీ అటకమీద దొరికెను. రాతిపై ఒక బల్బు వ్రేలాడదీసితిని. కరెంటు పోయిన రాత్రులలో తొట్టిచుట్టు పాత దుప్పటి కప్పితిని. నాలుగవ దినమున చిన్నది తల యెత్తెను. ఆరవ దినమున రెండును తోటకూర ఆకును చింపినవి.

ఎండ సంగతి కొంచెము విరివిగా చెప్పవలెను. ఎక్కువమంది తప్పునది ఇచ్చటనే. తొట్టిని కిటికీప్రక్కన పెట్టితిమి, ఎండ పడుచున్నదిగదాయని వారందురు. వెలుతురు అద్దమును దాటును. కాని ఎముకకు వలసిన డి విటమినును పుట్టించు కిరణము కిటికీ అద్దమును దాటదు. ఆ విటమిను లేనిదే తిన్న సున్నపుపదార్థము ఒంటబట్టదు. తాబేటి డిప్ప అది మోయు బరువు కాదు. దాని వెన్నెముకయు, ప్రక్కటెముకలును కలిసి ఏర్పడినదే డిప్ప. ఎముక మెత్తబడిన డిప్ప మెత్తబడును. అందుచేత ప్రతిదినము ఉదయము వానిని వెడల్పైన గోలెములో వేసి, నిజమైన ఎండలో అరగంట యుంచితిని. గోలెములో సగము నీడ యుండవలెను. అది శీతకాలము గనుక సరిపోయెను. మన వేసవి యెండలో నీడలేని గోలెము వంటపాత్రయే. ప్రక్కన ముక్కాలిపీటపై నేనును కూర్చుంటిని. కాకులున్నవి, గ్రద్దలున్నవి, అన్నిటినిమించి మన ఊళ్లలో కోతులున్నవి. అవి ఇంటికప్పు పెంకులనే ఉండనీయవు, తాబేలునుంచునా?

ఇక గుప్పెడు మేత. పెట్టిన మేత దాని తలకాయంత చాలునని వైద్యుడు చెప్పెను. పిల్లలకు దినదినము, పెద్దవానికి దినము విడిచి దినము. పిన్నవయసున పురుగును, మాంసమును కోరును. పెరిగినకొలది ఆకు ఎక్కువ కావలెను. నీటి తాబేలు నీటిలోనే మ్రింగగలదు. గట్టున పెట్టి తినలేదని చింతింపరాదు. అన్నము, రొట్టె, పాలు దానికి ఆహారము కావు. మిగిలిన మేతను తీసివేయవలెను. నల్లానీటిని ఒక దినము గోలెములో నిలువయుంచి, వేడిమి సరిచూచి మార్చవలెను. చల్లనినీరు ఒక్కమారు గ్రుమ్మరింపరాదు. తొట్టి కడిగిన నీటిని వంటయింటి తూమున పోయరాదు. దానిని తాకినచేతులు సబ్బుతో కడుగవలెను. ఆరోగ్యముగానున్న తాబేలుయందును సాల్మొనెల్లాయను రోగబీజము ఉండవచ్చును. పసివాండ్రకు అది విరేచనములు, జ్వరము తెచ్చును. నాలుగంగుళములకు లోపలి డిప్పగల తాబేళ్లను పెంపకమునకు అమ్మరాదని అమెరికాలో 1975లో చట్టము చేసినది ఇందుకే. పిల్లలు వానిని నోటబెట్టుకొనుచుండిరట.

మీకెవరైన నల్లని డిప్పపై పసుపుపచ్చని చుక్కలనుండి కిరణములు చిమ్మినట్లున్న మెట్ట తాబేలును అప్పగింపవచ్చినచో, ఆగుడు. అది నక్షత్ర తాబేలు. శ్రీకాకుళము చేరువనున్న శ్రీకూర్మక్షేత్రమున, కూర్మావతారమునకు వెలసిన దేవాలయమున, అట్టివానిని పోషించుచుందురు, చూచినవారున్నారు. ఆ భక్తివలననే కాబోలు, ఇంటనుంచిన లక్ష్మి నిలుచునని నగరములలో రహస్యముగా కొనువారున్నారు. కొనువారుండుటచేత, రాయలసీమ మెట్టలలో వానిని ఏరి సంచులలో దాటించువారున్నారు. వన్యప్రాణి సంరక్షణచట్టము 1972లో వచ్చినది. 2022లో సవరింపబడి 2023 ఏప్రిలునుండి అమలైన పిమ్మట ఈ జీవి మొదటి పట్టికలో నున్నది. 2019లో అంతర్జాతీయ వ్యాపారమునకు గూడ పూర్తిగా అడ్డుకట్ట వేసిరి. ఇంటనుంచుటయే నేరము; మూడేండ్లకు తక్కువగాని కారాగారశిక్ష గలదు. మన కుంటలోని మెత్తడిప్ప తాబేలును పట్టితెచ్చి తొట్టిలో నుంచినను అంతే. స్నేహితుని యిల్లు కనిపెట్టుట మర్యాదయేగాని, అతని నేరమును కనిపెట్టుట మర్యాద కాదు. అటవీశాఖవారికి అప్పగింపుమని అతనికి ముందే చెప్పవలెను. రాత్రివేళ ఏ గుట్టమీదనో విడిచివచ్చుట పరిష్కారము కాదు. అది ఏ నేలదో, ఏ రోగము మోయుచున్నదో మనకు తెలియదు.

ఒకరి తాబేలును మరియొకరు చూచుట మనకాలపు వింత కాదు. ఇంగ్లండులో సెల్బరన్ అను పల్లెయందు గిల్బర్టు వైటను మతగురువుండెను. ఆయన మేనత్త ముప్పది యేండ్లకు పైగా ఒక మెట్ట తాబేలును పెంచి, 1780లో చనిపోయెను. వైటు దానిని తన తోటకు తెచ్చుకొని, అది ఎప్పుడు మన్ను త్రవ్వుకొని దాగినది, ఎప్పుడు లేచినది, ఎంత తూగినది వ్రాసిపెట్టెను. 1789లో అచ్చయిన ఆయన గ్రంథమున దాని ముచ్చటలున్నవి. తిమోతి యని మగపేరు పెట్టిరి; పిమ్మట డిప్పను పరీక్షింపగా ఆడుదని తేలెను. 1793లో వైటు పోయెను; తాబేలు మరుసటి యేడు పోయెను. అత్త పోయినను, అల్లుడు పోయినను, తాబేలు మిగిలియుండెను. పెంచదలచినవారు ఆలోచింపవలసినది ఇది. నీటి తాబేలు చక్కగా చూచిన 20, 30 ఏండ్లు బ్రతుకును. రూపాయిబిళ్లంతదానిని కొనిచ్చు తండ్రి, బాలుడు కళాశాలకు పోవునాడు దానినెవరు చూతురని అంగడిలో అడుగడు.

వైటును చూచియే నేనును తూకము మొదలుపెట్టితిని. అరవనిదానికి తూకమే నోరు. వారమునకొకమారు కిరాణా దుకాణమునకు గుడ్డసంచిలో తీసికొనిపోయి, ఎలక్ట్రానిక్ త్రాసుపై పెట్టి, పాత హాజరుపట్టీ పుస్తకములో వ్రాసితిని. బడిపిల్లలకు హాజరు వేసిన చేతికి అది అలవాటే. పెద్దది మొదట 412 గ్రాములు, చలివారమున 398, అప్పగించునాడు 415. చిన్నది 290 నుండి 281కి దిగి, 293కి వచ్చెను. నీటి వేడిమి, తిన్న దినము, తినని దినము, నీరు మార్చిన దినము వేఱువేఱు గడులలో నున్నవి.

ఆ కుటుంబము తిరిగివచ్చిన సాయంకాలము తాళపుచెవులతోపాటు ఆ పుస్తకమును బాలుని చేతికిచ్చితిని. వాడు తన కాగితమును వెదకితెచ్చి, గుప్పెడు అన్న మాటను కొట్టివేసి, "తలకాయంత" అని వ్రాసికొనెను. వేసవిలో వారు మరల పోవుదురట. తొట్టిని వేపచెట్టు క్రిందికి మార్పించి, పైన కోతులకు అందని ఇనుపజాలి వేయించుటకు తండ్రి ఒప్పుకొనెను. జాలి కొలతలు నేనే తీసియిచ్చితిని.