బకెట్టు నీళ్ళు చెప్పే లెక్క: ఏ గదికి చెక్క నేల?

(ఖుర్సీపార్‌లో తెలుగు ఖాతాదారుల సమావేశంలో గృహరుణాల విభాగం సివిల్ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)



1959 ఫిబ్రవరి 4న డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవారి పిల్లలు కూడా ఇప్పుడు రిటైరవుతున్నారు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు చేతికి రాగానే ఇల్లు బాగుచేయించుకోవాలనిపిస్తుంది. తప్పేమీ లేదు. ఈమధ్య మరమ్మతు రుణాల దరఖాస్తులతో వచ్చే కొటేషన్లలో ‘వుడెన్ ఫ్లోరింగ్’ అన్న మాట ఎక్కువగా కనబడుతోంది. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న అబ్బాయి ఫొటో పంపిస్తాడు, ఇక్కడ నాన్నగారు ఇల్లంతటికీ అదే వేయించేద్దామంటారు. ఇల్లంతటికీ అన్న ఆ మాట దగ్గరే నాకు పేచీ.

మన ఇళ్ళలో చెక్క లేకపోలేదు. గడప, ద్వారబంధం, దూలాలు, వాసాలు, అటక అన్నీ చెక్కే. నేల మాత్రం పేడతో అలికిన మట్టినేల, ఆ తర్వాత గచ్చు, నాపరాయి, ఇప్పుడు టైల్సు. మనవాళ్ళకు చెక్క ఖరీదై నేలకు వాడలేదనుకోకండి. మన నేల రోజూ నీళ్ళు చూస్తుంది. శుక్రవారం వచ్చిందంటే బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి చీపురుతో తోసేస్తాం. చెక్కకు రెండే శత్రువులు: నీళ్ళు, చెదలు. అందుకని గది ఎంపికకు నేను చెప్పే కొలత ఒక్కటే. ఆ గదిలో బకెట్టుతో నీళ్ళు పోసి కడుగుతారా, తడిగుడ్డతో తుడుస్తారా? కడిగే గదికి చెక్క వద్దు. తుడిచే గదికైతే ఆలోచించవచ్చు.

మీరు రైలు పట్టాలు చేసిన ఊరివాళ్ళు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పట్టా వేడికి పొడవునా సాగుతుంది. చెక్క అలా కాదు, తేమకు అడ్డంగా ఉబ్బుతుంది. పొడవులో దాదాపు కదలదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీల దగ్గరికి పోతుంది, గాలి ఎండిపోయి ఉంటుంది. జూలై వచ్చేసరికి గాలినిండా చెమ్మ. అదే పలక మేలో ముడుచుకుని సందులిస్తుంది, జూలైలో ఒకదాన్నొకటి నెట్టుకుంటుంది. గోడ పక్కన 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలకపోతే ఎక్కడికీ పోలేక నడుమ పైకి లేస్తుంది. ఆ ఖాళీ మీద స్కర్టింగు వస్తుంది కనుక బయటికి కనబడదు. కనబడదు కదా అని మేస్త్రీ దాన్ని సిమెంటుతో నింపేస్తే పని చెడినట్టే. పక్కన నిలబడి చూసుకోండి.

చెక్క నేల అని అంగట్లో అమ్మేవి మూడు రకాలు, మూడూ ఒకటి కావు. మొదటిది పూర్తి చెక్క పలక, 18-20 మిల్లీమీటర్ల మందం. టేకు అయితే మేలు, ఎందుకంటే తేమకు తక్కువ కదులుతుంది, చెదలకూ అంత తేలిగ్గా లొంగదు. గీతలు పడితే ఇసుక కాగితంతో అరగదీసి మళ్ళీ పాలిష్ పెట్టవచ్చు, అలా చాలాసార్లు. రెండోది ఇంజినీర్డ్ వుడ్: కింద ప్లైవుడ్ పొరలు, పైన రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల అసలు చెక్క. పొరలు అడ్డంగా నిలువుగా అంటించి ఉంటాయి కనుక ఇక్కడి వాతావరణానికి పూర్తి చెక్కకన్నా నిలకడగా ఉంటుంది. ఒకటి రెండుసార్లు అరగదీయవచ్చు. మూడోది లామినేట్. దానిపై కనిపించేది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం, దానిమీద గట్టి పొర. లోపల చెక్కనార నొక్కి చేసిన పలక. చౌక, గీతలకు ఓర్చుకుంటుంది. కానీ అంచుల్లోకి నీళ్ళు దిగి ఒకసారి ఉబ్బిందంటే మళ్ళీ అణగదు, అరగదీయడానికీ ఏమీ ఉండదు. కొటేషనులో ఉట్టి ‘వుడెన్’ అని రాసి ఉంటే ఈ మూడింటిలో ఏదో రాయమనండి.

ఇప్పుడు గదులు. వంటిల్లు, స్నానాలగది, పెరటివైపు వసారా: చెక్క మాటే వద్దు. దేవుడి గదికీ వద్దు. నూనె, కుంకుమ, అభిషేకం నీళ్ళు, హారతి నిప్పు, ఇన్నిటికీ ఓర్చేది రాయే. కోటా రాయి గానీ గ్రానైటు గానీ వేసుకోండి. హాలు సంగతి మీ ఇంటిని బట్టి. వీధిలోంచి చెప్పులతో నేరుగా హాల్లోకొచ్చే ఇల్లయితే ఈ ఊరి దుమ్ము గురించి మీకు నేను చెప్పాలా? ఆ దుమ్ము కాళ్ళ కింద ఇసుక కాగితంలా పనిచేసి పాలిష్‌ను తినేస్తుంది. అక్కడ టైల్సే నయం. తప్పదంటే లామినేట్‌లో ఏసీ-4 గుర్తున్నది. ఆ గుర్తు అరుగుదలకు ఎంత ఓర్చుకుంటుందో చెప్పేది. గదిలో పెట్టే ఏసీకీ దానికీ సంబంధం లేదు.

చెక్క నిజంగా అక్కరకొచ్చేది పడకగదిలో. ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళ గదిలో. డిసెంబరులో తెల్లవారుజామున మంచం దిగితే పాలిష్ టైలు అరికాలికి జిల్లుమంటుంది, నాలుగు చుక్కలు నీళ్ళు పడితే జారుతుంది కూడా. చెక్క కాలికి అంత చల్లగా తగలదు, మెత్తగా అనిపిస్తుంది. నిగనిగలాడే పాలిష్ కాక మ్యాట్ పాలిష్ అడగండి. నా మాటగా చెప్పాలంటే, హాల్లో చుట్టాలు చూసే చెక్కకన్నా అమ్మానాన్నల గదిలో ఎవరూ చూడని చెక్కకు పెట్టే డబ్బు సార్థకం.

ఆ గది కింది అంతస్తులో ఉంటే ముందు నేల చెమ్మ చూడాలి. అర గజం పాలిథిన్ షీటు నేలమీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించండి. ఒక రోజు తర్వాత కింద చెమ్మ పట్టిందంటే ఆ నేలకు ఇంకా చెక్క పనికిరాదు. కొత్తగా గచ్చు చేయిస్తే ఎండనివ్వాలి, నెల కూడా చాలకపోవచ్చు. పాత ఇళ్ళలో గోడ అడుగున పెచ్చులూడుతున్నా, చెదపుట్టల మట్టి గీతలు కనబడినా, ముందు చెదల మందు పని. దానికి ఐఎస్ 6313 అనే ప్రమాణం ఉంది, ఆ ప్రకారం చేస్తారా అని అడగండి. పలకలు వచ్చాక రెండు మూడు రోజులు ఆ గదిలోనే ఉంచి గాలికి అలవాటు పడనిచ్చి తర్వాత పరచాలి.

ఇల్లు మీ సొంతం కాక క్వార్టరో లీజో అయితే ఏ మార్పుకైనా ముందు అనుమతి ఏమిటో కనుక్కోండి. అలాంటి చోట జిగురు పెట్టి అంటించేది కాక, ఒకదానిలో ఒకటి బిగించే పలకలైతే ఖాళీ చేసేటప్పుడు ఊడదీసి తీసుకుపోవచ్చు.

ఇక డబ్బు. పది అడుగులు పన్నెండు అడుగుల గది అంటే 120 చదరపుటడుగులు. కోతల్లో పోయే దానికి పదోవంతు కలిపితే 132. అంతకన్నా బాగా ఎక్కువ రాస్తే ఎందుకని అడగండి. రుణానికి వచ్చేటప్పుడు మొత్తం ఇంటికి ఒకే అంకె వేసిన కాగితం కాక, గది గదికీ విడివిడిగా రాసిన కొటేషను తెండి. అందులో పలక రకం, మందం, కింది పొర, స్కర్టింగు, కూలి వేరువేరుగా ఉండాలి. అప్పుడు ఏ గది తీసేస్తే వాయిదా ఎంత తగ్గుతుందో అక్కడికక్కడే లెక్కవేసి చూపిస్తాం. మీరుంటున్న సొంత ఇంటి మరమ్మతు రుణం మీద వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో ఆ కాగితం కూడా తెచ్చుకోండి. పని చేసేవారికి మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకండి. కొంత ఆపి ఉంచి, పరిచిన పలకల మీద ఒక వానాకాలం గడిచాక ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి.