కొరమీనునకు మేత అలవాటు చేయుట



నేటి ప్రసంగమునకు విషయము చేపల మేత. చేపను నీటిలో విడిచినంత మాత్రమున పెరుగుననియు, వేసినదెల్ల తినుననియు పెక్కుమంది తలంతురు. బొచ్చె, రవ్వ మొదలైన జాతుల విషయమున నిది కొంతవఱకు నిజమే. తవుడును, చెక్కను వేసినచో అవి తినును. కాని కొన్ని జాతులు కలవు. వాని యెదుట రాశిగా మేత పోసినను నోరు తెఱువక, ఆకలితో కృశించి చచ్చును. అట్టివానిలో మనకందఱకును తెలిసినది కొరమీను. దీనినే మనవైపు కొఱ్ఱమట్ట యని కూడ పిలుతురు. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరమున దీనిని రాష్ట్రపు చేపగా ప్రకటించినది. మృగశిర కార్తె నాడు చేప తినవలెనను ఆచారముగల మన జిల్లాలో దీనికున్న గిరాకి మీకు చెప్పనక్కఱలేదు.

మేత చిక్కు మనకొక్కరికే కలిగినది కాదు. 1853వ సంవత్సరమున లండను జంతు ప్రదర్శనశాలలో గాజుతొట్లలో చేపలను ప్రజలకు చూపుట ఆరంభమైనది. నేడు చిన్న గాజుతొట్టిలో ఉప్పునీరు పోసి, పగడపు రాళ్ళను పేర్చి, రంగురంగుల సముద్రపు చేపలను ఇంటనే పెంచువారు లోకమంతట నున్నారు. వారికిని మేతయే పెద్ద చిక్కు. మాండరిన్ అను చిన్న చేప యొకటి కలదు. అది రాళ్ళమీద ప్రాకెడు, కంటికి కనబడీ కనబడని పురుగులను దినమెల్ల ఒక్కొక్కటిగా ఏఱుకొని తినును. చిన్న తొట్టిలో ఆ పురుగులు త్వరలోనే తఱిగిపోవును. అటుపిమ్మట ఎండుమేత చల్లినను చాలవఱకు ఆ చేప దానివంక చూడదు. సముద్రపు గుఱ్ఱము మఱియొకటి. దానికి జఠరమే లేదు. కనుక సన్నని రొయ్యపిల్లలవంటి మేత మాటిమాటికి అందవలెను. తెలిసిన పెంపకందారు మొదట పురుగులను పెంచి, ఆ తరువాతనే చేపను తెచ్చును. ఈ క్రమమే మన కొరమీనునకును వర్తించును.

కొరమీను కంటితో చూచి వేటాడు ప్రాణి. కదలునదే దానికి ఆహారము. గ్రుడ్డునుండి వెడలిన కొలది దినములు పిల్ల తన పొట్టనున్న సొనతోనే జీవించును. పిదప నీటిలో నీదెడు సూక్ష్మమైన పురుగులను తినును. కొంత పెరిగినంతనే దోమపిల్లలను, తోకకప్పలను, చిఱుచేపలను పట్టును. కదలని మేత గుళిక దానికి రాతిముక్కతో సమానము. ఆకలిగొన్నప్పుడు తన తోడబుట్టిన దానినైనను మ్రింగును. కావుననే వేయి పిల్లలను హౌజులో విడిచినవాడు, కొన్ని నెలలకు కొలదిపాటి పెద్దచేపలను మాత్రమే చూచి, పొరుగువానిపై దొంగతనము మోపుట సంభవించును. అట్టి తగవు మీ యెదుటికి వచ్చినచో, దొంగ హౌజులోనే యుండవచ్చునని గ్రహింపుడు.

ఇట్టి చేపకు మేత అలవాటు చేయుటకు మార్గము కలదు. వియత్నాము దేశమున మెకాంగు నది డెల్టాలో కొరమీను పెంపకము విశేషముగా సాగుచున్నది. అచ్చటి కాంథో విశ్వవిద్యాలయము వారు పరీక్షలు జరిపి యొక పద్ధతిని కనుగొనిరి. గ్రుడ్డు పగిలిన 17వ దినము మొదలుకొని, దినమునకు పదవ వంతు చొప్పున సజీవమైన మేతను తగ్గించుచు, దాని స్థానమున తయారుచేసిన మేతను హెచ్చించినచో, పిల్లలు దానికి అలవాటుపడును. పూర్తి మార్పునకు సుమారు పది దినములు పట్టును. పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టువఱకు ఓర్పుతో కనిపెట్టుకొనియుండు మన రైతునకు పది దినముల ఓర్పు ఒక లెక్క కాదు.

ఆచరణ క్రమమును వివరింతును. పిల్లలను తెచ్చుటకు ముందే వేఱొక తొట్టిలో నీరు నింపి, మాగిన పేడ కొంచెము వేసి, నీటిపురుగులు పెరుగనీయవలెను. పిల్లలన్నియు ఒకే పరిమాణము గలవిగా నుండవలెను. మొదట ఈ పురుగులనే వేయవలెను. పిమ్మట మెత్తగా నూఱిన చేపమాంసములో మేతపిండిని కలిపి ముద్దచేసి, జల్లెడవంటి పళ్ళెములో నుంచి నీటిలోనికి దింపవలెను. ప్రతిదినము అదే వేళకు, అదే చోట, మూడు నాలుగు మారులు పెట్టవలెను. దినదినము మాంసము తగ్గించి పిండి హెచ్చింపవలెను. కడపట తేలెడు గుళికలకు మార్పవలెను. గుళిక చేపనోటికంటె చిన్నదిగా నుండవలెను. అందు మాంసకృత్తులు నూటికి 40 పాళ్ళకు తక్కువ కారాదు. మిగిలిన మేతను వెంటనే తీసివేయవలెను. లేనిచో నీరు చెడును.

అలవాటు చేయు దినములలో వారమున కొకమారైనను పెద్దవానిని చిన్నవానినుండి వేఱుచేయుట మఱువరాదు. కొరమీను ఎగిరి దుముకును గనుక హౌజుపై వల పఱువవలెను. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చక బ్రదుకజాలదు గనుక వలకును నీటికిని నడుమ ఎడము విడువవలెను. చేలకు మందు కొట్టిన పాత్రలను ఆ నీటిలో కడుగరాదు.

అలవాటు చేయు శ్రమ యెందులకు, చెఱువులోని చిఱుచేపలనే పట్టి వేయరాదా యని కొందఱనవచ్చును. కంబోడియా దేశములో నట్లే చేసిరి. పెంపుడు కొరమీనుల కొఱకు నదులలోని చిఱుచేపలను విచ్చలవిడిగా పట్టుటచే, బీదల యాహారమునకు ముప్పు వాటిల్లునని 2004లో ఆ ప్రభుత్వము కొరమీను పెంపకమునే నిషేధించినది. చేసిన మేతకు చేపలను అలవాటు చేయు విద్య కుదిరిన తరువాతనే 2016లో ఆ నిషేధము తొలగినది. మనకును గోదావరి కలదు. 1963లో పునాదిరాయి పడిన శ్రీరామసాగరము వెనుకనీరు నందిపేట పరిసర గ్రామములను తాకుచున్నది. ఆ నీటిలోని చిఱుచేపలు మత్స్యకారుల కుటుంబములకు జీవనాధారము. ఒకని హౌజును నింపుటకు పదిమంది వలలను ఖాళీచేయుట న్యాయము కాదు.

కడపటి మాట పెద్దలగు మీ చేతిలోనిది. వానకాలమున కొరమీనుల జంట చెఱువుగట్టున నాచు నడుమ గూడు కట్టి గ్రుడ్లు పెట్టును. ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా, తల్లిదండ్రులు క్రిందనుండి కాపాడుచుండును. ఆ గుంపే వేటగానికి గుఱుతు. కావలి చేపను పొడిచి చంపినవానికి ఒకపూట ధర దొరకును. కావలి పోయిన పిల్లలు ఇతర చేపలకును, పక్షులకును ఎరయగును. మీ గ్రామ చెఱువులో పిల్లలతోనున్న కొరమీనును పట్టరాదని మీరొక కట్టుబాటు చేసినచో, ఖర్చులేకయే చెఱువు నిండును. ప్రభుత్వపు ఉత్తరువుకంటె ఊరి పెద్దమాటకు చెఱువుగట్టున విలువ యెక్కువ. ఈ వానకాలము రాకమునుపే ఆ మాట చెప్పుదురుగాక.